అందులో ఏముంది?

“ఇందులో ఏముందని ఇంతసేపు వింటున్నారు? పిల్లి తీగల మీద నడిచినా ఇలాగే ఉంటుంది,” అన్నాడు పుల్లవిరుపు తాత.

బస్సు డ్రైవరు కాఫీ కప్పు బల్ల మీద ఠపీమని పెట్టాడు.

గిటార్లు బాగుచేసే ఆ షాపులో ప్రతి ఆదివారం పొద్దున ఇదే తంతు. షాపు నడిపే ఆవిడ ఆ ఒక్కరోజు జిగురు డబ్బా పక్కన పెట్టి, నాలుగేళ్ల క్రితం పోయిన ఒక గిటారు కళాకారుడి రికార్డులు పెడుతుంది. పాట లేదు, పక్కవాద్యం లేదు. ఒక మనిషి, ఒక చెక్క గిటారు, అంతే. ఆయన తర్వాత గిటారు పట్టినవాళ్ళందరూ ఏదో ఒక చోట ఆయనలాగే వాయిస్తారని పేరు. ఆ మనిషిని చూసినవాళ్ళు మాత్రం తక్కువ. రికార్డుల అట్టల మీద ముఖం ఉండదు, చేతులే ఉంటాయి. వినడానికి వచ్చేది ముగ్గురు. డ్రైవరు, ఆసుపత్రి నర్సు, ఏడాదిగా ఈ తాత. ఎవరైనా రెండు మంచి మాటలు అంటే చాలు, పుల్ల విరిచినట్టు ఏదో ఒకటి అనందే ఆయనకు తోచదు. అందుకే డ్రైవరు ఆ పేరు పెట్టాడు.

“వాడికి తాళం నిలవదు,” అన్నాడు తాత. “మధ్యలో ఆగిపోతాడు. మర్చిపోయాడో, కునుకు తీశాడో.”

“పోయిన మనిషిని పట్టుకుని వాడూ వీడూ ఏంటండీ?” డ్రైవరుకు ఒళ్ళు మండింది. “ఆ ఆగడంలోనే ఉంది అంతా. మా ఆవిడ పోయాక ఆర్నెల్లు ఎవరితోనూ మాట్లాడలేదు నేను. వచ్చినవాళ్ళందరూ ఓదార్చేవాళ్ళే. ఈయన ఒక్కడే పక్కన కూర్చుని నోరు మూసుకున్నట్టుండేది.”

“నువ్వు మెత్తటివాడివి, నీకలా అనిపించింది. ఇంకెవరికైనా అనిపించిందా?”

నర్సు అందుకుంది. “మా వార్డులో ఒకావిడ ఆఖరి వారమంతా ఇదే పెట్టమనేది తాతగారూ.”

“విని ఏమనేది?” తాత కుర్చీ ముందుకు జరిపాడు.

“‘వాయించేది ఒక్కడే, కానీ వింటుంటే నేను ఒక్కదాన్నే ఉన్నట్టు లేదు’ అంది.”

ఆ మాట తాత ఇంకోసారి చెప్పించుకున్నాడు. తర్వాత పెదవి విరిచాడు. “అంత లేదులే. పద్ధతిగా ఉద్యోగం చూసుకోక, చెక్కముక్క పట్టుకుని ఊళ్ళు తిరిగినవాడు. ఏదీ, ఇంకోసారి పెట్టమ్మా. ఆ గొప్పతనమేదో నాకూ చూపించండి.”

మళ్ళీ పెట్టారు, మళ్ళీ వాదించారు. మధ్యాహ్నానికి గొంతులు బొంగురుపోయాయి. ముగ్గురి ముందు తాత ఒక్కడు, ఓడిపోక ఏం చేస్తాడు? అయినా ఇంటికి వెళ్ళేటప్పుడు మాత్రం కడుపునిండా భోంచేసినవాడిలా నిదానంగా నడుస్తాడు. డ్రైవరుకు అది మరీ మంట.

ఆయన వీధి మలుపు తిరగగానే డ్రైవరు తేల్చేశాడు. “అక్కా, వచ్చే వారం ఆయనుంటే నేను రాను. ప్రాణానికి హాయిగా ఉంటుందని వస్తే రక్తం ఉడుకుతోంది. రావద్దని నువ్వే చెప్పు.”

షాపావిడ రికార్డును అట్టలో పెడుతూ ఆలోచనలో పడింది. తాత రెండు వీధుల అవతల ఒక్క గదిలో ఒంటరిగా ఉంటాడు. ఆ గదికి ఎవరూ రారు, ఆయన ఎక్కడికీ పోడు. ఈ ఆదివారం కోసమే చొక్కా ఇస్త్రీ చేసుకుని, షాపు తలుపు తీయకముందే వచ్చి మెట్టు మీద కూర్చుంటాడు. ఆ కాస్త చోటు కూడా లేకుండా చేస్తే ముసలాయన ఏమైపోతాడు? రావద్దని చెప్పడానికి ఆవిడకు నోరు రాదు.

“రావద్దని అనొద్దు,” అంది చివరికి. “ఆయన ఏమన్నా మనం అవునందాం. ఎదురు చెప్పేవాళ్ళు లేకపోతే ఎవరితో పోట్లాడతాడు? నాలుగు వారాల్లో ఆయనే మెత్తబడతాడు.”

నర్సుకు ఆ ఉపాయం నచ్చింది. డ్రైవరు గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం రికార్డు అయ్యీ అవకముందే తాత కుర్చీలో సర్దుకున్నాడు. “చెక్క గోకడం తప్ప ఇందులో ఏముంది?” అని డ్రైవరు వైపు చూశాడు.

“ఏమీ లేదు తాతగారూ. మీరన్నదే నిజం.”

తాత తడబడ్డాడు. “మరి... మీ ఆవిడ పోయినప్పుడు అన్నావుగా?”

“అప్పుడు ఏది విన్నా అలాగే ఉండేది లెండి.”

తాత నర్సు వైపు తిరిగాడు. “మీ వార్డులో ఆవిడో?”

“మందుల మత్తులో ఏదో అని ఉంటుందండి.”

“నువ్వు కూడానా అమ్మా?”

షాపావిడ ఆయన ముఖం చూడకుండా తలూపింది. “నాలుగు రోజులు వింటే మోజు తీరిపోయే రకమేనండి.”

గెలిచినవాడు నవ్వుతాడనుకున్నారు ముగ్గురూ. తాత ముఖంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీ పట్టుకుని మెల్లగా లేచాడు. “అయితే నేనన్నదే నిజమన్నమాట,” అని తనలో తాను అనుకుంటూ బయటికి నడిచాడు.

షాపావిడ పరుగున వెళ్ళి వీధి చివర ఆయన్ని అందుకుంది. తాత గోడ పట్టుకుని నిలబడ్డాడు. కళ్ళ నీళ్ళు చొక్కా మీద పడుతున్నా తుడుచుకోవడం లేదు.

“తాతగారూ, అదంతా అబద్ధం. గొడవలొద్దని ముగ్గురం కూడబలుక్కున్నాం. ఆయన వాయిస్తే మాకు ప్రాణం లేచొస్తుంది.”

“నిజంగానా?”

“ఒట్టు. అయినా ఆయన మీకు నచ్చడు కదా. మేం కూడా కాదంటే మీకెందుకింత బాధ?”

“మీరు ఎదురు చెప్తారనే కదమ్మా నేను తిట్టేది.”

ఆవిడకు అర్థం కాలేదు. “ఎందుకండీ?”

తాత ఇస్త్రీ చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

“వాడు మా అబ్బాయమ్మా.”