పసుపు పెట్టిన ఫ్లాపీ

“దీన్ని ఎవరు ముట్టిండ్రు అవ్వా?”

దేవకి చేతిలో ఫ్లాపీ ఉంది. పల్చటి ఆ నల్లటి చదరానికి ఒక మూల పసుపు పూసి, దాని మీద కుంకుమ బొట్టు పెట్టారు.

బీడీల కోసం తునికాకు కత్తిరిస్తున్న తల్లి నాగవ్వ సంబరంగా తలెత్తింది. నిన్ననే వాడకట్టు ఆడవాళ్లతో బాసర సరస్వతి గుడికి పోయి వచ్చింది.

“అందరు తమ పిల్లల పుస్తకాలు పట్టుకొచ్చిండ్రు బిడ్డా. నీ చదువంత గిండ్లనే ఉన్నదంటివి గదా. అమ్మవారి పాదాల కాడ పెట్టించి తెచ్చిన.”

దేవకి ఫ్లాపీని వెలుతురుకు పట్టి చూసింది. కరీంనగర్‌లో కంప్యూటర్ నేర్చుకుంటూ తాను సొంతంగా రాసిన ప్రోగ్రాం అందులోనే ఉంది. బడి పిల్లల మార్కులు వేస్తే వాళ్ల ఫలితాలు అదే చెప్పే ప్రోగ్రాం. దాన్ని ఇవాళ జైపాల్‌రావు సారుకు చూపించాలి. చూపిస్తే సర్టిఫికెట్ వస్తుంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌లోనే కొత్తవాళ్లకు నేర్పే పని కూడా ఇస్తానన్నాడాయన. లేకపోతే రేపటి నుంచి తానూ తల్లి పక్కన చాట ముందర వేసుకుని బీడీలు చుట్టాల్సిందే.

“పసుపు పడితే గిది పనికొస్తదా? మిషన్ల పెడితే చదువుతదా?”

“జరంతనే పెట్టిన బిడ్డా…”

“నీకు అక్షరం ముక్క రాదు. ఎందుకు ముట్టినవ్? గా పొగాకు చేతులతోని నువ్వు అంటింది ఏదన్న బాగుపడ్డదా?”

నాగవ్వ చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుంది.

ఆమె వెనక గోడ మీద బొగ్గుతో రాసిన అక్షరాలు వంకరటింకరగా ఉన్నాయి. నా, గ, వ్వ. నేర్చుకున్నది ఇంకొకరికి చెబితేనే మన తలలో నిలుస్తుందని సారు అంటే, దేవకి సాయంత్రాలు తల్లిని ఎదుట కూర్చోబెట్టుకుని పాఠమంతా ఒప్పజెప్పేది. నాగవ్వ బీడీలు చుడుతూనే వినేది. మధ్యలో ఆపి, అది ఎందుకట్ల అని అడిగేది. ఆ పాఠం అయ్యాక దేవకి ఆమె చేత పేరు దిద్దించేది. బాపు లేడు కాబట్టి సర్టిఫికెట్ కాగితం మీద తల్లే సంతకం పెట్టాలి. ఆ ఒక్క సంతకం కోసమే నాగవ్వ గోడంతా నల్లగా చేసింది.

చొప్పదండి నుంచి బస్సు కదిలిన దగ్గర్నుంచి దేవకి ఏడుస్తూనే ఉంది.

ఇన్‌స్టిట్యూట్‌లో సారు ఫ్లాపీని అటూ ఇటూ తిప్పి చూశాడు. మెత్తటి గుడ్డతో మూల తుడిచాడు.

“గిది మీ అమ్మ పెట్టిందా? తెలివైన మనిషే. మిషన్ చదివే సందుకు ఆమడ దూరంల పెట్టింది. ఆ సందును అంటొద్దని ఎవరో మంచిగ చెప్పినట్టున్నరు.”

చెప్పింది దేవకే. పాఠం మధ్యలో తల్లికి ఒక్కసారే చెప్పింది.

ఫ్లాపీ మిషన్‌లో గరగరమంది. తెర మీద ప్రోగ్రాం వచ్చింది. ఒక్క అక్షరం చెడలేదు. కానీ సగమే ఉంది.

“గిది పోయిన వారం రాసింది గదా,” అన్నాడు సారు. “కాపీ ఎట్ల చేసినవ్?”

దేవకి చేసినట్టే చేసి చూపించబోయి, మధ్యలో చెయ్యి ఆపేసింది. మిషన్‌లో ఉన్న కొత్తదాన్ని ఫ్లాపీలోకి ఎక్కించాల్సింది పోయి, ఫ్లాపీలో ఉన్న పాతదాన్ని తెచ్చి కొత్తదాని మీద ఎక్కించింది. శనివారం ఇంటికి పోయే తొందరలో, తన చేత్తో తానే తుడిచేసుకుంది. తల్లి బాసర బస్సెక్కక ముందే అది పోయింది.

“సాయంత్రం దాకా ఉంట,” అన్నాడు సారు. “రాయగలవా?”

దేవకి కళ్లు మూసుకుంది. తల్లి ఎదుట కూర్చున్నట్టే ఉంది. ‘అది ఎందుకట్ల బిడ్డా?’ అని ఆ గొంతు అడిగినచోటల్లా జవాబు గుర్తుకొచ్చింది. జవాబు వెంట ప్రోగ్రాంలోని వరుస గుర్తుకొచ్చింది. అన్నం డబ్బా మూత తీయకుండానే రాస్తూ పోయింది. పొద్దు వాలేసరికి పిల్లల ఫలితాలు తెర మీద తప్పు లేకుండా వరుసగా దిగాయి. సారు తల ఊపి, సంతకం చేయించుకు రమ్మని కాగితం చేతికిచ్చాడు.

బస్సు దిగి దేవకి ఇంటిదాకా పరుగెత్తింది.

నాగవ్వ పొయ్యి ముందర ఉంది. వెనక, పేరు దిద్దిన గోడ ఎర్రమట్టితో అలికి తడితడిగా మెరుస్తోంది. ఏ పండుగకో అనుకుంది దేవకి. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, తప్పంతా తనదేనని, ఆమె పెట్టిన పసుపుకు ఏమీ కాలేదని, ఆమెకు చెప్పిన పాఠమే ఇవాళ తనను కాపాడిందని గడగడా చెప్పేసింది.

“పోనీ తీయ్ బిడ్డా. పనైంది గదా, గదే చాలు,” అని నవ్వింది నాగవ్వ.

దేవకి గుండె తేలికపడింది. కాగితం పీట మీద పరిచి, పెన్ను మూత తీసి తల్లికి అందించింది.

“కాయిదం నువ్వే పట్టుకో బిడ్డా, ఏలిముద్ర తప్ప నా చెయ్యి దానికి అంటద్దు,” అంటూ నాగవ్వ పెన్ను ముట్టకుండా, అప్పటికే పొయ్యి మసి పూసి ఉంచుకున్న బొటనవేలు చాపింది.