గుమ్మం లేని గూడు

బావి మీదికి వంగిన తుమ్మచెట్టుకి గూళ్లు అల్లించే మేస్త్రి ఓ ముసలి గిజిగాడు. పేరు చలమయ్య. వానలు ముంచుకొస్తున్నాయని కూలి పక్షుల మధ్యాహ్నం కునుకు మాన్పించేశాడు. మూడోనాటికి ముడులు ఊడి ఒక గూడు బావిలో పడింది.

"ఒళ్లొంచి పనిచేస్తే ముడి ఎందుకూడుతుంది?" అని చలమయ్య చెట్టదిరేలా అరిచాడు.

"కళ్లు మూతలు పడుతున్నాయి మేస్త్రీ," అన్నాడు కోటప్ప అనే కూలి పక్షి. "ఎండ దిగేదాకా కాస్త నడుం వాల్చనివ్వండి."

"ఈ వయసులో నేను అల్లట్లేదూ? చూడండి!"

చలమయ్య గడ్డిపోచలు కరుచుకుని ఓ గూట్లో దూరాడు. పొద్దుట్నుంచి అరిచి అరిచి ఆయనా అలిసిపోయి ఉన్నాడు. లోపల చల్లగా ఉంది. కళ్లు మూతలు పడ్డాయి గానీ, ముక్కు మాత్రం అలవాటు కొద్దీ అల్లుతూనే ఉంది.

కాసేపటికి లోపల రెక్కలు టపటపలాడాయి. పక్షులు వచ్చి చూస్తే గూటికి గుమ్మం లేదు. నిద్రమత్తులో మేస్త్రి దాన్ని కూడా అల్లేశాడు.

"ఒరే కోటప్పా, విప్పరా!"

కోటప్ప ఒక పోచ పట్టుకుని ఆగాడు. "విప్పుతాను మేస్త్రీ. కానీ ఈ మగతలో ఏ పోచ లాగుతానో నాకే తెలీదు. కింద బావి ఉంది."

గూట్లో రెక్కల టపటప ఠక్కున ఆగిపోయింది.

"పడుకో నాయనా," అన్నాడు చలమయ్య మెల్లగా. "అందరూ పడుకోండి. ఎండ దిగాకే లేవండి. రేపు కూడా."