నీడ పట్టిన కొత్త మొక్క

రోడ్డు వెడల్పు చేయాలని మనుషులొచ్చి, గోరింక కాపురమున్న వేపచెట్టును కొట్టేశారు. దానికి బదులుగా రోడ్డు పక్కన ఎక్కడినుంచో తెచ్చిన పచ్చటి మొక్కను నాటి వెళ్లారు. అది చూడ్డానికి ముచ్చటగా ఉంది గానీ, దానికి కాయా లేదు, పండూ లేదు.

"పిట్ట కడుపు నింపలేనిదానివి, మా చెట్టు చోటికి ఎందుకొచ్చావే?" అని గోరింక నిలదీసింది.

"నేను రాలేదమ్మా, తెచ్చారు. మీ చెట్టును నేను చూడనైనా లేదు. ఈ ఎండలో ఒక్కదాన్నే ఉన్నాను, కాసేపు కూర్చోరాదూ?" అంది మొక్క.

గోరింక మనసు కరిగింది. ఆనాటి నుంచి ఎక్కడ మేత మేసినా వచ్చి దాని కొమ్మ మీదే వాలేది. అలా వాలినప్పుడు ఓసారి అది వదిలిన వేపగింజ కిందపడి మొలిచింది.

వేసవి వచ్చేసరికి మొలక వాడిపోసాగింది. గోరింక తల్లడిల్లింది.

"బెంగపడకు. పండ్లివ్వడం నాకు చేతకాదు గానీ, నీడ పట్టడం వచ్చు" అంటూ మొక్క తన గుబురు కొమ్మలను మొలక మీదికి వంచింది.

ఏళ్లు గడిచి మొలక పెద్ద చెట్టయింది. పిట్టలన్నీ పండ్ల కోసం నేరుగా వేపకొమ్మల్లోకే ఎగిరేవి. కింద మిగిలిన ముసలి మొక్క, "ఇక నా దగ్గరికెవరొస్తారులే" అనుకుంది.

ఓ పొద్దున ముసలి గోరింక తన మనవలను తీసుకొచ్చి దాని కొమ్మ మీద కూర్చోబెట్టింది.

"ముందు ఈ అమ్మమ్మను పలకరించండర్రా. తర్వాతే పండ్లు" అంది.