రెండు బండల చిందు

దొంగ మన గడప దాటగానే పీడ పోయిందని పండగ చేసుకుంటాం కదా, వాడు ఏ గడపకి వెళ్ళాడో ఎప్పుడైనా అడిగామా?

సముద్రంలో రెండు బండలున్నాయి. సొరచేప వచ్చి వెళ్ళిన ప్రతిసారీ తూర్పుబండ చేపలు సందుల్లో దూరి చిందులేసేవి. చప్పుడు మాత్రం రానిచ్చేవి కావు. భయపడ్డామని పక్కబండకి తెలిస్తే పరువు పోదూ! ఆ సొర తిన్నగా వెళ్ళి పడమటిబండ రొయ్యల మీద పడేది.

అలా అక్కచెల్లెళ్ళని పోగొట్టుకున్న ఓ రొయ్య ఒకరోజు ఈదుకుంటూ వచ్చి, సందులో చిందేస్తున్న తూర్పుబండ పెద్దని, చందువ చేపని, నిలదీసింది.

"మామా, ఆ చిందేదో పైకొచ్చి నీళ్ళు మోగేలా వెయ్యి. మేం విని బొరియల్లో దాక్కుంటాం."

"మాకేంటే లాభం, మీసాలదానా?"

"మా దగ్గర్నుంచి అది తిరిగొచ్చేది నీ దగ్గరికే. అప్పుడు మేం మోగిస్తాం."

చందువ సరేనని తోక ఆడించింది.

మర్నాడు సొర తోక తిప్పగానే తూర్పున తపతపా చిందు మోగింది. పడమట ఒక్క రొయ్యా దొరకలేదు. అది వెనుదిరిగేసరికి పడమట మోగింది, తూర్పుచేపలన్నీ సందుల్లో దూరాయి. మూడు రోజులు అటూ ఇటూ తిరిగి, సొర ఖాళీ కడుపుతో దూరసముద్రానికి పోయింది. ఆ సాయంత్రం రెండు బండలూ కలిసి ఆడాయి, చందువ అందరికంటే ఎత్తు ఎగిరింది.

మీ చెవిన పడ్డ కబురు మీ గోడల మధ్యే దాచకండి. ఇప్పుడే లేచి పక్కవాళ్ళకి కేక వెయ్యండి!