పదో మనిషి

"ఇంకొక్కరు కావాలి. పదిమంది లేకపోతే ఈ క్లాసు ఎత్తేస్తారు," అంది సోషియాలజీ టీచర్.

గదిలో ఉన్న తొమ్మిదిమందీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

హైస్కూల్లో సబ్జెక్టులు ఎంచుకోవడానికి అదే ఆఖరి రోజు. పక్క గదిలో అకౌంట్స్‌ కోసం తోసుకుంటున్నారు. ఇటువైపు తొంగిచూసే దిక్కు లేదు.

ఆ తొమ్మిదిమందిలో టైలరమ్మ కూతురూ ఉంది. ఈ క్లాసు పోతే ఆమెకి అకౌంట్సే గతి. లెక్కలంటే ఆమెకి ముచ్చెమటలు. కిందటేడు తప్పింది కూడా.

"ఈసారైనా గట్టెక్కే సబ్జెక్టు తీసుకో. మళ్ళీ తప్పావంటే చేపల షెడ్డుకి పనికి పంపిస్తా. ఇంకా మిషను తొక్కి నిన్ను చదివించే ఓపిక నాకు లేదు," అని తల్లి పొద్దున్నే తేల్చి చెప్పింది.

బడి మూసే వేళకి ఒక ముసలాయన వచ్చాడు. పొడుగ్గా ఉన్నాడు. మెడ దగ్గర కాలిన మచ్చ. ఆగిపోయిన చదువు ఏ వయసువాళ్ళయినా కొనసాగించుకునే వెసులుబాటు ఆ బడిలో ఉంది.

సంతకం పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు.

క్లాసు బతికింది.

టైలరమ్మ కూతురికి ప్రాణం లేచొచ్చింది.

"మీ వీధి కుళాయి దగ్గర ఎవరు ముందు నిలబడతారు? ఎవరు వెనక? ఎందుకు?" అని టీచర్ అడిగిన రోజున, బడిలో చేరిన ఇన్నేళ్ళలో మొదటిసారి తనంతట తను చెయ్యెత్తింది. చెబుతూనే ఉండిపోయింది. గంట కొట్టినా టీచర్ ఆపలేదు.

ఆ ముసలాయనే ఆమెకి మింగుడుపడలేదు.

ఎవరు మాట్లాడితే వాళ్ళ మొహంలోకి గుచ్చిగుచ్చి చూసేవాడు. రెప్ప వేసేవాడు కాదు. ఆమె చెయ్యెత్తిన రోజయితే లేచి, ముందుకొచ్చి నిలబడి మరీ చూశాడు.

"కళ్ళ తాత," అని పేరు పెట్టిందామె. అందరూ పడీపడీ నవ్వారు.

ఒకసారి వరండాలో వెనక నుంచి అడిగింది.

"తాతగారూ, ఈ వయసులో మీకెందుకండీ ఈ చదువు?"

ఆయన తిరిగి కూడా చూడలేదు.

"ఎంత పొగరు!" అనుకుంది.

రానురాను ఆయన ఎదురుగా నోరు విప్పాలంటేనే మనసు జంకేది. చివరికి తిన్నగా హెడ్మిస్ట్రెస్ గదికి వెళ్ళింది.

"మేడమ్, ఆయన మా మొహాలకేసి అదోలా చూస్తాడు. నాకు భయంగా ఉంది."

"ఏమైనా తప్పుగా ప్రవర్తించాడా?"

"లేదండీ. చూస్తాడంతే."

"ఆడపిల్లలున్న చోట అది చాలు," అంది హెడ్మిస్ట్రెస్.

చేరికలు ఎప్పుడో అయిపోయాయి కదా, ఆయన లేకపోయినా క్లాసుకేం కాదులే అనుకుంది టైలరమ్మ కూతురు.

మర్నాడు ఆయన్ని పిలిపించి, ఇక రావద్దన్నారు. ఆయన వాదించలేదు. బయటికొస్తూ గుమ్మం దగ్గర ఆమె కనిపిస్తే ఆగాడు.

"తప్పయిపోయిందమ్మా!"

వరండా అంతా వినపడేంత గట్టిగా అన్నాడు. తిడుతున్నాడేమోనని ఆమె వెనక్కి జరిగింది.

ఆ వారమే తనిఖీకి వచ్చినవాళ్ళు తలలు లెక్కపెట్టారు. ఒకరు తక్కువ. క్లాసు రద్దు చేసి, అందరినీ అకౌంట్స్‌లో కలిపేశారు. టీచర్‌ని వేరే ఊరికి మార్చారు.

టైలరమ్మ కూతురు పరీక్ష తప్పింది. తల్లి మాట తప్పలేదు.

చేపల షెడ్డు గేటు దగ్గరే మేస్త్రీ అక్క ఆమెకి జాగ్రత్త చెప్పింది.

"లోపల ఆ యంత్రాల హోరులో చెవులు పనిచెయ్యవు. నా పెదాలకేసి చూడు. రెప్ప వేశావంటే మాట జారిపోతుంది."

లోపల బల్ల దగ్గర చేపలు కోస్తూ ఆమె చూసింది. గుచ్చిగుచ్చి చూసింది.

చూస్తుండగానే చేతిలో చేప జారి కింద పడింది.

మధ్యాహ్నం షెడ్డు వెనక గోడ నీడన కూర్చున్నప్పుడు అడిగింది.

"అక్కా, చెవుడున్నవాళ్ళు కూడా ఇలాగే చూస్తారా?"

"మరి? ఎందుకడుగుతున్నావ్?"

చెప్పింది. పొడుగ్గా ఉంటాడని, మెడ దగ్గర మచ్చ అని, తను వెళ్ళి ఏం చెప్పిందో అదీ.

మేస్త్రీ అక్క తింటున్నదల్లా డబ్బాకి మూత పెట్టేసింది.

"ఇక్కడ చేపలకి ఐసు చేసే కంప్రెసర్ గదిలో పనిచేసేవాడు. ఆ హోరుకే చెవులు పోయాయి. ఎవరికీ చెప్పుకునేవాడు కాదు, తెలిస్తే బళ్ళో చేర్చుకోరని."

"ఒక్క ముక్కా వినపడని మనిషికి ఆ క్లాసెందుకక్కా?"

"చదువుకోడానికి కాదే. ఏ క్లాసుకి మనిషి తక్కువైందో అడిగి మరీ అందులో చేరాడు."

టైలరమ్మ కూతురు లేచి నిలబడింది.

"ఆయన ఇల్లెక్కడ? వెళ్ళి కాళ్ళ మీద పడతాను."

"ఎవరి కాళ్ళ మీద? బడి నుంచి పంపించేశాక మంచం పట్టాడు. పోయిన నెలే పోయాడు."

ఆమె మళ్ళీ గోడకి ఆనుకుని కూర్చుంది. లోపల యంత్రాలు మళ్ళీ మొదలయ్యాయి.

"మేమెవరమని అక్కా ఆయనకి? మాకోసం ఎందుకు కూర్చున్నాడు?"

మేస్త్రీ అక్క ఆమె వైపు తిరిగి, ఆ హోరులో అర్థమయ్యేలా ఒక్కొక్క మాటే పెదాలతో పలికింది.

"అంతకుముందేడు ఒక్కరు తక్కువై ఆ క్లాసే ఎత్తేస్తే, చదువు మానేసి ఇక్కడికొచ్చి, గ్యాసు లీకైన రోజు ఇప్పుడు నువ్వు నిలబడే బల్ల దగ్గరే పడి ప్రాణం వదిలిన పిల్లకి... తాత."