ఎవరి గుడ్లని అడిగిన పెట్ట

రోహిణి కార్తె మొదటి రోజున నల్లపెట్టకు అన్యాయం జరిగింది. ఆ పెరటికి పెద్ద ఎర్రపుంజు. అది గంపలోకి గుడ్లు దొర్లించి, "పొదుగు" అని ఒక్క మాట పారేసి గోడెక్కింది.

"ఎవరి గుడ్లండీ ఇవి? ఇంత లావున్నాయి!" అని పెట్ట అడిగింది.

"పొదగమంటే పొదగాలి. ఆరాలెందుకే నీకు?"

పెట్ట గుడ్ల మీద కూర్చుంది. ఎండకు రొప్పుతూనే కూర్చుంది. తిండికి కూడా పరుగున వెళ్లి పరుగున వచ్చేది. మూడు వారాలు నిండినా ఒక్క గుడ్డూ పగల్లేదు. అన్నాళ్లూ గోడ దిగని పుంజు అప్పుడు మాత్రం దిగి, పెరడంతా వినేలా అరిచింది: "నీ ఒంట్లో వేడే లేదు! లే గంపలోంచి!" గుడ్లన్నీ కాలితో బయటికి చిమ్మేసింది. రాత్రంతా అవి వానలో తడిశాయి.

మర్నాడు బాతు వచ్చింది. "అయ్యో వదినా, నా గుడ్లు చల్లార్చేశావా? బాతుగుడ్లకు ఇంకో వారం పట్టదూ? పుంజుగారికి చెప్పే ఇచ్చానే!"

పుంజు చిమ్మినప్పుడు పగిలిన ఒక గుడ్డులో పిల్ల ముడుచుకుని ఉంది. దానికి ముక్కు కూడా వచ్చింది.

"అడిగితే చెప్పేవాణ్ణిగా," అంది పుంజు గోడ మీంచి.

"తెల్లారిందని ఊరంతటికీ చెప్పే నోరు, బాతుగుడ్లని నాకొక్కదానికి చెప్పలేకపోయిందా?" అంది పెట్ట. పుంజు కూసే ఆ గోడ మీదే, మట్టిపూతలో కాలిగోటితో అందరికీ కనబడేలా గీకింది:

"అడిగింది రోహిణి కార్తె మొదటి రోజున. తెలిసింది మృగశిర కార్తె తొమ్మిదో రోజున."