పేజీలు మింగే కంప్యూటర్

“దీని దుంప తెగ, మళ్లీ మింగేసింది” అన్నారు ముందుగదిలోంచి సూపర్నెంటు గారు.

ఆఫీసు వదిలి మూడేళ్లయినా ఇంటా బయటా ఆయన సూపర్నెంటు గారే. భార్య కూడా మనసులో అలాగే పిలుచుకుంటుంది, కాకపోతే కాస్త వెటకారంగా.

ఆయన ఆత్మకథ రాస్తున్నారు. రిటైరైన ఉద్యోగుల సంఘం వార్షికోత్సవంలో ఆవిష్కరణ. వేదికనెక్కే పెద్దమనుషుల్ని కూడా పిలిచేశారు. లేనిదల్లా పుస్తకమే. పొద్దున కూర్చుని నాలుగు పేజీలు కొడతారు, సాయంత్రం తెరిస్తే ఖాళీ. మొదటి అధ్యాయం ఇప్పటికి ఎన్నిసార్లు రాశారో ఆయనకే తెలీదు. వార్షికోత్సవం నాటికి పుస్తకం రాకపోతే పాత స్టాఫు ముందు తలెత్తుకోలేనని బెంగ పట్టుకుంది.

అందుకని కొత్త కంప్యూటర్ కావాలట. కారణాలకి కొదవేముంది? పాతది చెమ్మకి పాడైందట. కాదు, లోపల బల్లి దూరిందట. అదీ కాదు, తన కింద పనిచేసిన గుమాస్తా ఎవడో కక్షకట్టి వైరస్ పంపిస్తున్నాడట. ఆ గుమాస్తాకి ఈయన మొహమైనా గుర్తుందో లేదో అని భార్య నవ్వుకుంది.

“దానికే రోగమూ లేదండీ. రాస్తే కదా ఉండటానికి” అంది కూరలు తరుగుతూ.

“రాయలేదంటావా?”

“కలలో రాశారేమో.”

“దాని గురించి నీకేం తెలుసు? దుమ్ము దులిపేటప్పుడు కూడా ముట్టుకోకు, పాడవుతుంది.”

మెకానిక్‌ని పిలిపించారు. అతను విప్పి చూశాడు. చెమ్మా లేదు, బల్లీ లేదు. “రాశాక సేవ్ చేస్తున్నారా సార్?” అని అడిగాడు పాపం. సర్వీసంతటిలో ఒక్క ఫైలు పోనివ్వని మనిషిని పట్టుకుని అడగాల్సిన మాటేనా అది? సూపర్నెంటు గారు అతనికి గంటసేపు క్లాసు పీకారు. మెకానిక్ ఓపిగ్గా, కంప్యూటర్ పెట్టిన రోజున చెప్పిన పాఠమే మళ్లీ మొదట్నుంచీ చెప్పాడు. ఈయన అప్పుడూ వినలేదు, ఇప్పుడూ వినలేదు. రెండుసార్లూ టీ కప్పు పట్టుకుని నిలబడ్డ భార్యకి చెప్పినట్టయింది.

పోనీ, అంత మింగుడుపడని రాతలేమిటయ్యా అంటే, అవీ ఆవిడకి తెలుసు. ఆయన కొట్టే ప్రతి వాక్యం పైకి చదువుతారు మరి. ‘ఈ ఇల్లు నేనొక్కణ్ణే రెక్కలు ముక్కలు చేసుకుని కట్టాను.’ కడుతున్నన్నాళ్లూ ఈయనగారు ఇటువైపు తొంగిచూసిన పాపాన పోలేదు. ఎండలో నిలబడి గోడలు తడిపింది ఆవిడ, మేస్త్రీతో గొంతు చించుకుంది ఆవిడ. ‘ఆఫీసులో నిప్పులా బతికాను.’ ఆ నిప్పు ఇంటికి మోసుకొచ్చిన ఆఫీసు కాగితాల మీదే పిల్లలిద్దరూ లెక్కలు నేర్చుకున్నారు. ‘వంట తప్ప ఏమీ తెలియని అమాయకురాలు నాకు భార్యగా దొరికింది.’ ఇది విన్నరోజు ఆవిడకి ఒళ్లు మండిపోయింది. చేతిలో గిన్నె ఎత్తి కుదేసింది. ఏమిటా చప్పుడని ఆయన విసుక్కుని, ఆ వాక్యమే ఇంకోసారి గట్టిగా చదువుకున్నారు.

ఈ గొప్పలకి కొత్త కంప్యూటర్ ఒకటే తక్కువ అనుకుంది. ఆయన ఎంత పోరినా ససేమిరా వద్దంది.

అలాంటిది, ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి తనే కదిపింది.

“కొత్తది కొనేద్దామండీ.”

ఆయన ముద్ద నోట్లో పెట్టుకోవడం మరిచిపోయారు. “ఇన్నాళ్లూ వద్దన్నావుగా?”

“ఇన్నాళ్లూ ఎలాగో నెట్టుకొచ్చాం. ఇక దానితో లాభం లేదు. మంచిదే తీసుకోండి, చకచకా పనిచేసేది.”

సూపర్నెంటు గారు పొంగిపోయారు. తన సాహచర్యంలో ఇన్నేళ్లకి ఆవిడకి కాస్త జ్ఞానం అబ్బిందన్నారు. ముందుమాటలో ఆవిడ పేరు కూడా వేస్తానని మాటిచ్చారు. ఆ సంబరంలో ఇంకో రెండు పేజీలు ఎక్కువ కొట్టి, అలసిపోయి వెళ్లి మంచమ్మీద వాలారు.

గురక వినపడగానే ఆవిడ చేతులు తుడుచుకుని ముందుగదిలోకి వచ్చి స్విచ్చి వేసింది. ఈ మధ్య ఆ పాత డబ్బా తెరుచుకునేసరికే ఆయన కునుకు కాస్తా అయిపోతోంది, ఇక ఆవిడ ఆ పేజీలు చెరిపేదెప్పుడు?